టర్బో పోలేదు, డీజిల్ అందలేదు

పోస్టు కొంచెం పెద్దది. మనోళ్లల్ల కారు కిరాయిలు కొట్టేటోళ్లు చాలామంది ఉన్నరు కాబట్టి రాస్తున్న.

మాది సిరిసిల్ల జిల్లాల ఒక తండా. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. జగిత్యాల హాస్టల్ల ఉండి మెకానికల్ చదువుతున్న. మా కాకా, అంటే చిన్నాయన, సెకండ్ హ్యాండ్ల డీజిల్ స్విఫ్ట్ కొని వేములవాడ, కొండగట్టు, ధర్మపురి కిరాయిలు కొడతడు. నా పరీక్ష ఫీజు ఆ బండి మీదనే వస్తది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు బంద్ చేసింది, అందుకే మనకు దొరికేయన్నీ పాతవే.

మొన్న ఎండాకాలం బండి కొండగట్టు ఎక్కుడు బంద్ చేసింది. సాపు రోడ్డు మీద మంచిగనే ఉంటది. ఎక్కుడు కాడ యాక్సిలరేటర్ తొక్కంగనే ఇంజన్ లైటు వెలిగి గుంజుడు పడిపోతది. బంద్ చేసి మళ్ల స్టార్ట్ చేస్తే ఏం కానట్టే నడుస్తది. ఒక షెడ్డుల "టర్బో పోయింది, నలభై వేలు" అన్నరు. కాకి వెండి కడియాలు కుదువ పెడదామని ఇంట్ల మాట్లాడుకున్నరు.

కాకా ఫోన్ చేసి "ఇంజనీరు చదువుతున్నవ్ గదరా, ఒక్కసారి చూడు" అన్నడు. నిజం చెప్తున్న, అప్పటిదాక నేను బానెట్ లేపలేదు. కామన్ రైల్ పాఠం ఇంగ్లీషుల సగమే ఎక్కింది. ఆ రాత్రి మళ్ల చదివిన.

విషయం ఏందంటే, డీజిల్ ట్యాంకు నుంచి ఫిల్టర్‌కు, అక్కడి నుంచి పెద్ద పంపుకు, పంపు నుంచి రైల్ అనే గట్టి పైపుకు, దాన్నుంచి నాలుగు ఇంజెక్టర్లకు పోతది. ఊకె నడిచేటప్పుడు రైల్‌ల 300 బార్ దగ్గర ఉంటే చాలు. లోడ్ పడితే వెయ్యి దాటాలె. డీజిల్ తక్కువ పోతే పొగల బలం తగ్గుతది, ఆ పొగతోనే తిరిగే టర్బో గూడ నెమ్మదైతది. చూసేటోళ్లకు టర్బోనే పోయినట్టు కనవడతది.

రుద్రంగి, కథలాపూర్ మీదికెల్లి కోరుట్లల స్కానర్ ఉన్న ఒక మిస్త్రీ దగ్గరికి తీస్కపోయినం. షెడ్డుల నిలబెట్టి చూస్తే కంప్యూటర్ అడిగింది 300, వచ్చింది 300. "మంచిగనే ఉంది గదా" అన్నడాయన. నాకు గొంతు పెగల్లేదు. ఎట్లనో "లోడ్ మీద చూద్దామన్నా" అన్న. నలుగురం ఎక్కి, మూడో గేర్ల నిండుగ తొక్కినం. అడిగింది 1,400. వచ్చింది 850 కాడ ఆగిపోయింది. ముందు పడ్డది రైల్ ప్రెషర్, టర్బో ఆ తర్వాతనే పడ్డది. మెమరీల టర్బో కోడ్ పక్కనే పీ0087 గూడ ఉంది, అంటే రైల్‌ల ఒత్తిడి తక్కువ అని. మొదటి షెడ్డుల ఒక్కటే చూసిన్రు.

అయినా పంపుదా, ఇంజెక్టర్లదా, ఫిల్టర్‌దా తెల్వాలె. ఇంజెక్టర్ల నుంచి వాపస్ వచ్చే డీజిల్‌ను నాలుగు చిన్న సీసాలల్ల పట్టినం. నాలుగూ సమానంగనే నిండినయ్. ఏదన్న ఒక్కటి జల్ది నిండితే ఆ ఇంజెక్టర్ కారుతున్నట్టు. ఫిల్టర్ విప్పితే నల్లగ, అడుగున నీళ్లు. ఆ డీజిల్‌ను తెల్ల బట్ట మీద పోసి చూసినం. ఇనుప రజను మెరిస్తే పంపు అరుగుతున్నట్టే, అప్పుడు ఖర్చు మస్తు. మెరవలేదు. నేను ఊపిరి పీల్చుకున్న.

బంకు దూరమని కాకా ట్రాక్టర్ డ్రమ్ములకెల్లి పోస్తుండె. ట్యాంకు కడిగి, ఫిల్టర్ మారిస్తే వెయ్యి రూపాయల లోపే అయింది. మళ్ల పోయి అదే రోడ్డు మీద తొక్కినం. 1,400 అడిగితే 1,380 వచ్చింది.

ఒక్కటి మాత్రం యాదిల పెట్టుకోన్రి. ఇంజన్ నడుస్తుంటే రైల్ పైపు నట్టు అసలు విప్పొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ సూది లెక్క తోలు చీల్చుకొని లోపలికి పోతది. గాయం చిన్నగ కనవడ్డా వెంటనే దవాఖానకు ఉరకాలె.

మిస్త్రీ పైసలు తీస్కొని "ఆదివారం ఖాళీ ఉంటే రా తమ్మీ. స్కానర్ల ఇంగ్లీషు నువ్వు చదువు, బోల్టులు నేను విప్పుత" అన్నడు. ఇప్పటికి మూడు ఆదివారాలు పోయిన. కాకి కడియాలు కాకి చేతికే ఉన్నయ్. డ్రమ్ము మాత్రం కాకా ఇంకా అమ్మలేదు.