కొన్న ఆటగాడు, పెంచిన ఆటగాడు

బాలలూ! కబడ్డీ ఆట మీకు కొత్త కాదు. కోస్తా జిల్లాలలో దీన్నే చెడుగుడు అంటారు. పేరు ఏదైనా ఆట ఒకటే. దీనికి బ్యాటు అక్కరలేదు, బంతి అక్కరలేదు. నేలమీద గీతలు గీసుకుని, అటు ఏడుగురు, ఇటు ఏడుగురు నిలబడితే చాలు. మా వికారాబాదు జిల్లా పూడూరులో నేల ఎర్రగా ఉంటుంది. కబడ్డీ ఆడి ఇంటికి వచ్చిన పిల్లవాడి చొక్కా చూస్తే చాలు, వాడు ఆ పూట ఎన్నిసార్లు పట్టుబడ్డాడో తల్లికి తెలిసిపోతుంది.

మా ఊళ్ళో పిల్లలు ఆడటంతో ఊరుకోరు. ఆట గురించి వాదించుకుంటారు కూడా. అందులోనూ ఏటా ఒక సమయం వస్తుంది. అప్పుడు ఆట సగం, వాదన సగం. అది ప్రొ కబడ్డీ లీగ్ వేలానికి ముందు సమయం.

ఈ వేలం సంగతి తెలియనివారికి ముందు కొంచెం చెబుతాను. 2014 జులై 26న ఈ లీగ్ మొదలైంది. అప్పుడు అందులో 8 జట్లు. 2017 నుంచి 12 జట్లు అయినాయి. మన పేరు పెట్టుకున్న తెలుగు టైటన్స్ మొదటినుంచీ ఉన్నది. పోటీలకు ముందు ప్రతి జట్టూ ఒక గడువులోగా తన దగ్గర ఎవరిని ఉంచుకుంటుందో, ఎవరిని వదులుకుంటుందో తేల్చి చెప్పాలి. వదిలినవారు వేలానికి వస్తారు. అప్పుడు మిగిలిన జట్లు పాట పాడి వారిని కొనుక్కుంటాయి. ఇవి కాక, ఇంకా పేరు రాని కుర్రవాళ్ళను తక్కువ జీతానికి చేర్చుకుని తయారుచేసుకునే పద్ధతి కూడా లీగ్‌లో ఉన్నది.

ఆ గడువు దగ్గర పడుతున్నకొద్దీ మా ఊరి వాదన ముదురుతుంది. పదో తరగతి కుర్రవాడొకడు ఇలా అంటాడు:

"అన్నా, పెద్ద ఆటగాణ్ణి కొంటేనే మన టీం గెలుస్తది. ఒక్కడు కూతకు పోయి ముగ్గుర్ని ముట్టుకొని వస్తే చాలదా?"

ఆటో నడిపే అన్న ఊరుకోడు. "మరి వాడు దొరికిపోయి బయట కూసున్నప్పుడు లోపల ఆడేదెవరు తమ్మీ? ఉన్న పైసలన్నీ వాడికే పెడితే మిగిలినోళ్ళు ఎక్కడికెళ్ళి వస్తరు?" అంటాడు.

చివరికి ఇద్దరూ నా వంక తిరిగి, "సార్, మీరు చెప్పండి!" అంటారు. నేను లెక్కల పంతుల్ని. అందుచేత ఒక లెక్కతోనే మొదలుపెడతాను.

2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్జౌలో ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్ జరిగింది. భారతదేశం ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం గెలిచింది. మన జట్టు నాయకుడు పవన్ సెహ్రావత్. ఇరాన్ జట్టులో మొహమ్మద్‌రెజా షాద్లూయీ అనే గట్టి ఆటగాడు ఉన్నాడు. నాలుగు రోజులు తిరగకముందే ముంబయిలో లీగ్ వేలం జరిగింది. ఈ ఇద్దరూ అందులో ఉన్నారు. తెలుగు టైటన్స్ పవన్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. అప్పటివరకు కబడ్డీ ఆటగాడు ఎవరూ అంత ధర పలకలేదు. పుణె జట్టు పునేరి పల్టన్ షాద్లూయీని 2 కోట్ల 35 లక్షలకు కొన్నది.

ఆ ఏడు ఒక్కొక్క జట్టు ఆటగాళ్ళందరికీ కలిపి 5 కోట్ల రూపాయలకు మించి ఖర్చు చేయరాదు. ఇప్పుడు మీరు పలక తీసుకోండి. తెలుగు టైటన్స్ దగ్గర మిగిలింది 2 కోట్ల 39 లక్షల 50 వేలు. పుణె దగ్గర మిగిలింది 2 కోట్ల 65 లక్షలు. తేడా 25 లక్షల 50 వేలే. రెండు జట్లూ ఉన్న డబ్బులో సుమారు సగం ఒక్క మనిషిమీదే పెట్టాయి. మరి ఫలితం కూడా ఒకేలా ఉండాలి గదా?

ఉండలేదు. 2024 మార్చి 1న ఆ పోటీల ఫైనల్ హైదరాబాదులో, గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. పుణె జట్టు హర్యానా జట్టును 28-25తో ఓడించి మొదటిసారి కప్పు గెలిచింది. తెలుగు టైటన్స్ 12 జట్లలో 12వ స్థానంలో నిలిచింది. మన ఊరికి దగ్గరలో పండుగ జరిగింది గాని, ఆ పండుగలో మన జట్టు లేదు.

పవన్ ఆట రాని మనిషా? ఎంతమాత్రం కాదు. దేశానికి బంగారం తెచ్చినవాడు. మరి తేడా ఎక్కడున్నది? వాళ్ళ పక్కన నిలబడిన ఆరుగురిలో ఉన్నది. పుణెవాళ్ళు ‘యువ పల్టన్’ అని ఒక శిక్షణ శిబిరం నడుపుతూ వచ్చారు. ఆ ఏడు జట్టు నాయకుడు అస్లం ఇనాందార్ పేద ఇంటినుంచి వచ్చి, అలాటి పెంపకంలోనే ఎదిగినవాడు. అతనూ, మోహిత్ గోయత్ వంటి తోటి కుర్రవాళ్ళూ అప్పటికి కొన్నేళ్ళుగా కలిసి ఆడుతున్నారు. ఎవడు ముందుకు దూకితే ఎవడు వెనక కాపు కాయాలో వాళ్ళకు మాట్లాడుకోకుండానే తెలుసు. షాద్లూయీ వచ్చి అలాటి ఇంట్లో చేరాడు.

కబడ్డీలో ఒక విచిత్రమైన నియమం ఉంది. మీరు రోజూ ఆడుతూనే దాని సంగతి ఆలోచించి ఉండరు. కూతకు వెళ్ళినవాడు పట్టుబడితే బయటికి పోవాలి. వాడు ఎంత వీరుడైనా సరే, తనంతట తాను లోపలికి రాలేడు. లోపల మిగిలినవాళ్ళు అవతలివాణ్ణి అవుట్ చేస్తేనే వాడికి మళ్ళీ ప్రవేశం. అంటే రెండున్నర కోట్ల ఆటగాడు బయట కూర్చుని, పేరు లేని కుర్రవాడు ఎప్పుడు తనను లోపలికి తెస్తాడా అని ఎదురుచూడవలసిందే! ఆటో నడిపే అన్న అడిగిన ప్రశ్న ఇదే.

ఐతే పదో తరగతి కుర్రవాడి మాట కూడా తీసివేయదగింది కాదు. మరుసటి ఏడు షాద్లూయీని హర్యానా జట్టు 2 కోట్ల 7 లక్షలకు కొన్నది. 2024 డిసెంబరులో హర్యానా కూడా కప్పు గెలిచింది. మంచి ఆటగాడు వస్తే జట్టుకు బలం రాదని ఎవరనగలరు? కాని 2025లో అతన్నే గుజరాత్ జట్టు 2 కోట్ల 23 లక్షలకు కొంటే, ఆ జట్టు తుది దశ పోటీలకు కూడా వెళ్ళలేకపోయింది. మనిషి ఒకడే. చేరిన ఇల్లు వేరు.

ఇంకొక సంగతి వినండి. 2022లో తమిళ్ తలైవాస్ జట్టు ఇదే పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. మొదటి ఆటలోనే అతని మోకాలికి దెబ్బ తగిలింది. ఆ పోటీలలో అతను మళ్ళీ బరిలో దిగలేదు. జట్టు పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. ఆ జట్టులో నరేందర్ అని ఒక కుర్రవాడు ఉన్నాడు. అంతకు ముందు ఈ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడినవాడు కాదు. అతను కూతకు వెళ్ళి వెళ్ళి ఆ ఒక్క ఏడే 243 పాయింట్లు తెచ్చాడు. తమిళ జట్టు మొదటిసారి సెమీఫైనల్ చేరింది. అతన్ని ముందే చేర్చుకుని తయారుచేసి ఉంచకపోతే, ఆ రోజున ఎక్కడినుంచి తెచ్చుకునేవాళ్ళు?

మన తెలుగు టైటన్స్ కథ కూడా మలుపు తిరిగింది. 2025లో పవన్ మరొక జట్టుకు వెళ్ళిపోయాడు. టైటన్స్ విజయ్ మలిక్‌ను నాయకుడుగా పెట్టుకున్నది. భరత్‌ను 81 లక్షలకు కొన్నది. ఒక్కడిమీద సగం డబ్బు పెట్టలేదు. ఆ ఏడు 2016 తరువాత మొదటిసారిగా తుది దశకు చేరి, ఫైనలుకు ఒక్క మెట్టు కింద ఆగింది. ఇంతకీ ఈ మంచి ఆటగాళ్ళలో చాలామంది హర్యానావాళ్ళే. అక్కడ ఊరూరా కబడ్డీ నేర్పేవాళ్ళు ఉన్నారు. పేరు తెలుగువారిదే గాని, బరిలో తెలుగు కుర్రవాళ్ళు బహు తక్కువ. మా ఊరి పిల్లలకు ఇది కొంచెం గుచ్చుకునే మాటే. గుచ్చుకోవాలి కూడాను.

మరి పెంచడం అంటే ఏమిటి? మా జిల్లా తాండూరు కందిపప్పుకు పేరు పొందింది. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. డబ్బుంటే ఆ పప్పు ఐదు నిమిషాలలో దుకాణంలో కొనుక్కోవచ్చు. పండించాలంటే సుమారు ఆరు నెలలు పొలం కాపు కాయాలి. రైతు ఎంత తొందరపడ్డా కంది ముందుగా కాయదు.

పిల్లల శరీరమూ అంతే. మీ కాళ్ళలో, చేతులలో ఉన్న పొడుగాటి ఎముకల చివర మెత్తని పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. యౌవనం వచ్చి ఎదుగుదల ముగిశాక ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. అంతవరకు అది సున్నితమైన చోటు. పన్నెండేళ్ళ పిల్లవాడిచేత పెద్దవాళ్ళ బరువులు ఎత్తించినా, నొప్పి ఉండగా ఆడించినా దానికి దెబ్బ తగలవచ్చు. అందుకే తెలిసిన శిక్షకులు చిన్నవాళ్ళకు ముందు పరుగు, దూకుడు, పడటం ఎలాగో నేర్పుతారు. 30 సెకండ్ల కూతకు ఊపిరి నిలపడం నేర్పుతారు. పెద్ద పట్లు తరువాత. మంచి తిండి, రాత్రి కడుపునిండా నిద్ర కూడా శిక్షణలో భాగాలే. తలిదండ్రులు ఈ సంగతి గమనించాలి. "మావాడు ఎప్పుడు వేలానికి వస్తాడు?" అని ఏడో తరగతిలోనే అడగటం, పూత రాకముందే బస్తాలు కుట్టించటం వంటిది.

నేను పనిచేసిన బడులలో ఒకదానిలో పిల్లలు ఒకసారి తమాషాకు వేలం ఆట పెట్టుకున్నారు. ఇద్దరు నాయకులు. ఒక్కొక్కడి దగ్గర నూరేసి చింతగింజలు. బలమైనవాడు ఒకడు 60 గింజలకు పోయాడు. చివరకు సన్నగా ఉండే ఎనిమిదో తరగతి కుర్రవాడు మిగిలాడు. వాడికి ఎవరూ ఒక్క గింజ కూడా పాడలేదు. "అన్‌సోల్డ్!" అని అందరూ కేకలు వేశారు. వాడు కూడా నవ్వాడు. కాని మర్నాటినుంచి ఆటస్థలానికి రావడం మానుకున్నాడు.

మా వ్యాయామోపాధ్యాయుడు దీన్ని కనిపెట్టాడు. వాణ్ణి పిలిచి ఎడమ మూల నిలబెట్టి, చీలమండ పట్టు ఒక్కటే నేర్పసాగాడు. బలం తక్కువైనా వాడి చూపు చురుకు. వచ్చినవాడి కాలు ఏ క్షణాన నేలకు ఆనుతుందో వాడికి తెలిసేది. రెండేళ్ళు గడిచాయి. మండల పోటీలలో ఒకనాడు 60 గింజల వీరుడు పట్టుబడి బయట కూర్చున్నాడు. అవతలివాడు కూతకు వచ్చాడు. సన్నవాడు వంగి వాడి చీలమండ పట్టాడు, వదలలేదు. వీరుడు లేచి మళ్ళీ లోపలికి వచ్చాడు. వస్తూ వస్తూ సన్నవాడి వీపు తట్టాడు.

ఆ ఆటలో మా బడి గెలిచిందని మీరు అనుకుంటారేమో. లేదు, రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఆ సన్నవాడు ఏ లీగ్‌కూ వెళ్ళలేదు. ఇప్పుడు ట్రాక్టర్లు బాగుచేస్తూ బతుకుతున్నాడు. సాయంకాలాలు చిన్నపిల్లలకు చీలమండ పట్టు నేర్పుతున్నాడు. ఆ రోజున వాడు ఇంటిదగ్గరే ఉండిపోయి ఉంటే ఈ పిల్లలకు నేర్పేవాడు ఉండేవాడు కాదు.

వేలం పాటలో పలికేది ఒక పోటీకి, ఒక పనికి ఇచ్చే కూలి మాత్రమే. మనిషి విలువ అది కాదు. 2 కోట్ల 60 లక్షల 50 వేలు పలికిన పవనే 2025లో 59 లక్షల 50 వేలకు వెళ్ళాడు. అంతలో అతను నాలుగోవంతు మనిషి అయిపోయాడా? పెద్దవాళ్ళ లీగ్‌లో ధరలు ఉండక తప్పదు. బడి ఆటలో వాటికి చోటు లేదు. బడిలో ఎవడూ అన్‌సోల్డ్ కాకూడదు.

కాబట్టి బాలలూ, ఈసారి గడువు దగ్గరపడి మీ ఊళ్ళో వాదన మొదలైనప్పుడు వాదించండి, తప్పులేదు. పెద్ద ఆటగాణ్ణి కొనాలని ఎవరైనా అంటే మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. అతని పక్కన నిలబడే ఆరుగురు ఎవరు? అతనికి దెబ్బ తగిలితే దిగేవాడు ఎవడు? ఐదేళ్ళ తరువాత ఆడవలసిన పిల్లవాడికి ఇవాళ ఎవరు నేర్పుతున్నారు? ఈ మూడింటికీ జవాబు ఉన్న జట్టు ఎవరిని కొన్నా డబ్బు వృథా కాదు.

పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాడు ఎర్రమట్టి చొక్కాతో ఇంటికి వస్తే, "గెలిచావా?" అని తప్పకుండా అడగండి. దానితోపాటు, "ఇవాళ ఎవరిని మళ్ళీ లోపలికి తెచ్చావురా?" అని కూడా అడగండి.