కల్లూరు నుంచి కూనవరం దాకా

ఖమ్మంలో సత్తుపల్లి బస్సెక్కితే వైరా, తల్లాడ దాటాక వస్తుంది మా కల్లూరు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు, వరిచేలు, మామిడితోటలు... అమెరికా అంటే మా ఊళ్లో పిల్లల్ని పంపే చోటు. డిగ్రీ చదువుతున్న మా మేనకోడలికి మాత్రం అది ప్రాజెక్టు!

పుస్తకాల కోసం ఇద్దరం హైదరాబాద్ వెళ్లాం. అమెరికా చరిత్ర, రాజకీయాలు, సాహిత్యం మీద పరిశోధించేవారి కోసం ఉస్మానియా ప్రాంగణంలో 1964లోనే ఓ కేంద్రం వెలిసింది. అమెరికన్ స్టడీస్ రిసర్చ్ సెంటర్ అనేవారు. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు అక్కడి లైబ్రరీకి వచ్చేవారు.

మా అమ్మాయి ఎంచుకున్నది చెరోకీల కథ. 1830లో చేసిన చట్టంతో మిసిసిపీ నదికి తూర్పునున్న ఆదివాసుల్ని అమెరికా పడమటికి తరలించింది. 1838-39లో చెరోకీలు ఇప్పటి ఓక్లహోమాకు వెళ్లాల్సి వచ్చింది. దారిలో చలికి, జబ్బులకు వేలమంది పోయారు. దాన్నే 'కన్నీటి బాట' అంటారు.

'మామయ్యా, ఓసారి కూనవరం వెళ్దామా?' అంది.

శబరి గోదారిలో కలిసే చోటది. ఒకప్పుడు మన ఖమ్మం జిల్లాలోదే. పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. ముంపు వస్తే మాత్రం ఊరు వదలక తప్పదు.

అక్కడో కోయ పెద్దాయన చెరోకీల కథంతా విని ఒక్కటే అడిగాడు. 'మరి వాళ్లు మళ్లీ ఊరికొచ్చారా?'

'కొందరు కొండల్లోనే ఉండిపోయారు తాతా. వాళ్ల వారసులు ఇప్పటికీ నార్త్ కరోలినాలో ఉన్నారు' అంది.

ఆయన గోదారి వైపు చూశాడు. తిరుగు బస్సులో మా అమ్మాయి ఆ ప్రశ్ననే ప్రాజెక్టు మొదటి పేజీలో రాసుకుంది.