ఆ డాన్సు కట్టిందెవరు?

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నా. పక్కన ఓ పాప ఫోన్లో ‘మాయాబజార్’ చూస్తోంది. మాయాశశిరేఖ డాన్సు.
"సావిత్రిని చూడవే, అచ్చం ఎస్వీ రంగారావే!" వాళ్ళ తాతయ్య మురిసిపోతున్నాడు.

నిజమే.
సుతారంగా తిరుగుతున్న పిల్ల ఉన్నట్టుండి ఛాతీ విరుచుకుని బరువుగా అడుగేస్తుంది. మరుక్షణం మళ్ళీ సిగ్గులొలికే శశిరేఖ.

మరి ఆ అడుగులు కూర్చిందెవరు?
పసుమర్తి కృష్ణమూర్తి గారు. కూచిపూడి ఆయన. రేపల్లె దాటి, పెనుమూడి వారధి మీదుగా కృష్ణ అవతలికి పోతే ఎంత దూరమని ఆ ఊరు!

అక్కడ తరతరాలుగా ఆడవేషం మగవాళ్ళే కట్టారు. సినిమాలో ఇంకో మెలిక. లోపల ఘటోత్కచుడు, పైకి శశిరేఖ, ఆ రెండూ ఆడాల్సింది సావిత్రి. ఆ మెలిక విప్పడానికి కూచిపూడి మనిషి కన్నా తగినవాడు ఎవరు దొరుకుతారు!

1957 నాటి సినిమా. నిర్మాత చక్రపాణి గారు మా తెనాలి వారేనని ఇప్పటికీ గొప్పలు పోతాం. డాన్సు మాస్టారి పేరు మాత్రం టైటిల్స్‌లోనే ఉండిపోయింది.
డాన్సు కట్టేవాళ్ళ రాత అంతేనేమో. పని వాళ్ళది, గుర్తుండేది ఆడినవాళ్ళు.

తెనాలి, బాపట్ల, రేపల్లె జనమా, పాత సినిమాల్లో మీకు నచ్చిన డాన్సు ఏది? మాస్టారెవరో తెలుసా?
గూగుల్ చూడకుండా చెప్పాలి మరి!