మధ్య సీటు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. చదువు గురించి రాయనా, ఉద్యోగాల గురించి రాయనా అని అడిగాను. "అవి అందరూ రాస్తరు. విమానంల ఎట్ల పోయినవో రాయి, పిల్లలు అదే అడుగుతున్నరు" అన్నారు. అందుకే తమ్ముళ్లూ, ఇది.

మా నాయిన సూర్యాపేట మార్కెట్ యార్డులో హమాలీ. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కడినే. 2025 ఆగస్టులో పీజీ కోసం అమెరికా బయల్దేరినప్పుడు, పెట్టె 23 కిలోలు దాటకూడదని చెప్పి, కిరాణా దుకాణంలో తూకం వేయిద్దామన్నాను. నాయిన వినలేదు. పెట్టెను చేత్తో లేపి, భుజం దాకా ఎత్తి దించి, "ఇంకొక్క పచ్చడి సీసా పడతది" అన్నాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కాంటా మీద పెడితే 22.8 చూపించింది. ఆయన్ని లోపలికి రానివ్వరు కదా, ఫోన్ చేసి చెప్పాను. నాకు వీసా వచ్చిన రోజు కూడా ఆయన అంత గట్టిగా నవ్వలేదు.

టిక్కెట్టు 78 వేలు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి డబ్బు మనం అక్కడికి చేరినట్టు కాగితాలు పంపాకే వస్తుంది. కాబట్టి టిక్కెట్టుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. అంటే నెలకు 1,560. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, దారి పొడుగునా నా తలలో తిరిగింది ఇదే.

హైదరాబాద్ నుంచి దుబాయి దాకా నాలుగు గంటలు. అందులో అన్నం పెట్టబోతే "నో, థాంక్స్" అన్నాను. విమానంలో తిండికి డబ్బులు తీసుకుంటారని ఎవరో చెప్పారు. అది చవక టిక్కెట్ల విమానాల సంగతట. నాకు తెలియదు. అందరూ తింటుంటే కళ్లు మూసుకుని పడుకున్నట్టు నటించాను.

దుబాయి నుంచి డల్లాస్‌కు దాదాపు 13 వేల కిలోమీటర్లు, 16 గంటలు. ఎకానమీలో వరుసకు పది సీట్లు, మూడు, నాలుగు, మూడుగా ఉన్నాయి. నాది మధ్య సీటు. కిటికీ వైపు ఒక పెద్దమ్మ. ఖమ్మం దగ్గరి ఊరు, కూతురి కాన్పుకు పోతున్నది. నడవ వైపు ఒక తెల్లాయన. మనిషి భారీగా ఉన్నాడు. విమానం లేవకముందే నిద్రపోయాడు.

ఈసారి అన్నం పెడితే వదలలేదు. ఉప్పు సరిపోలేదనిపించింది. వంట తప్పు కాదట. అంత ఎత్తున లోపలి గాలి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు పలుచగా ఉంటుంది, పైగా బాగా పొడిగా ఉంటుంది, అందుకే నాలుకకు రుచి తెలియదు. పెద్దమ్మ ముందే తెలిసినట్టు సకినాల డబ్బా తీసి నాకు నాలుగు పెట్టింది.

తర్వాత లైట్లు ఆర్పారు. మూడు వందల మందికి పైగా మెడలు వాల్చి, నోళ్లు తెరిచి, ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ నిద్రపోయారు. కార్పెట్లు పరుచుకుని వరుసగా పడుకున్న మన హాలు గుర్తొచ్చింది. తేడా ఒక్కటే. మన హాలులో రాత్రి లేవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, కాళ్లు తొక్కకుండా దాటిపోతే చాలు.

నాకు బాత్‌రూమ్‌కు పోవాలి. ఆయన్ని లేపాలి. "ఎక్స్‌క్యూజ్ మీ, సర్" అని లోపల్లోపలే అనుకుని చూసుకున్నాను. ఎదురు తెరమీద బొమ్మ విమానం చీమలా కదులుతున్నది. ఆరు గంటలు ఆపుకున్నాను. నీళ్లు తాగడం మానేశాను. నవ్వకండి. రెండో గరిటె కూర అడగడానికి ప్లేటు పట్టుకుని ఎంతసేపు నిలబడేవాళ్లమో మీకూ తెలుసు. ఇంగ్లిష్ రాక కాదు, నేను లేపితే ఆ మనిషి మొఖం ఎట్లా పెడతాడోనని.

చివరికి పెద్దమ్మే నా మీదుగా చెయ్యి చాపి ఆయన భుజం తట్టింది. "నాయనా, లేవయ్యా, పోవాలె" అన్నది, అచ్చ తెలుగులో. ఆయన గబుక్కున లేచి, నవ్వి, నడవలో పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆమె వెనకాలే నేనూ. ఆమెకు తలుపు ఎటు నెట్టాలో తెలియకపోతే తెరిచి చూపించాను.

విమానం వెనక భాగంలో కాసేపు నిలబడొచ్చు, నీళ్లు అడిగితే ఇస్తారు. ఇది తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నా: గంటకో రెండు గంటలకో లేచి నడవండి. అంతసేపు కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని డాక్టర్లు చెబుతారు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 18 గంటలు దాటే విమానం ఒకటి ఉంది, అందులో అసలు ఎకానమీ సీట్లే పెట్టలేదు. మనలాంటి సీట్లో అంతసేపు కూర్చోవడం కష్టమని వాళ్లకే తెలుసేమో!

మళ్లీ సీట్లలోకి వచ్చాక పెద్దమ్మ మాటల్లో పడింది. ఊరు అడిగింది, నాయిన పని అడిగింది. తర్వాత మెల్లగా, "మీరేమోళ్లు బిడ్డా?" అన్నది.

భూమికి పది కిలోమీటర్ల పైన కూడా ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. డిగ్రీలో ఉన్నప్పుడు అద్దె గది కోసం పోతే ఇదే అడిగారు. అప్పుడు అబద్ధం చెప్పాను. గది దొరికింది గానీ, ఏడాదంతా ఇంటివాళ్లు మాట్లాడినప్పుడల్లా భయమే. ఆ భయాన్ని ఇంత దూరం మోసుకుపోవాలనిపించలేదు. "ఎస్సీ హాస్టల్ల చదువుకున్న పెద్దమ్మా" అన్నాను.

"అట్లనా" అని కిటికీ వైపు తిరిగింది. కిటికీ మూసి ఉంది. నాలుగు గంటలు ఇటు చూడలేదు. నిద్రపోయిందో, చూడకూడదనుకుందో నాకు తెలియదు. ఎన్నోసార్లు ఎదుర్కొన్నదే అయినా, లేచి పోవడానికి చోటులేని సీట్లో ఎదుర్కోవడం అదే మొదటిసారి. 1,560ని 12తో హెచ్చించుకుంటూ కూర్చున్నాను.

దిగడానికి రెండు గంటల ముందు లైట్లు వేశారు. ఆమె సకినాల డబ్బా తీసింది. నా వైపు చాపలేదు. ఒకటి తిని, మూత పెట్టకుండా నా ముందున్న బల్ల మీద పెట్టి, మళ్లీ కళ్లు మూసుకుంది. కాసేపు ఆగి ఒకటి తీసుకున్నాను.

డల్లాస్‌లో పాదాలు వాచి బూట్లు పట్టలేదు. మడమలు తొక్కుకుంటూ నడిచాను. ఇమిగ్రేషన్ లైనులో పెద్దమ్మ నా చొక్కా పట్టుకునే నిలబడింది. ఆఫీసరు అడిగినవి నేనే తెలుగు చేసి చెప్పాను. సామాన్లు బెల్టు మీద నుంచి దించిపెట్టాను.

బయట ఆమె అల్లుడు వచ్చాడు. నన్ను చూపించి, "ఈ పిల్లగాడే తీసుకొచ్చిండు. సూర్యాపేట. మనోడే" అన్నది.

ఏ అర్థంతో అన్నదో నేను అడగలేదు.