ఆదివారపు రైలుబాట

చరిత్ర చదువుకొన్నవారికి వ్రాతమూలకమైన ఆధారంపై గురి ఎక్కువ. ఒక విషయానికి శాసనమో, దస్తావేజో ఉన్నదంటే అది భద్రంగా ఉన్నట్లే భావిస్తాము. ఉద్యోగరీత్యా ఫైళ్ల నడుమ కాలం గడిపే నాలో ఈ నమ్మకం మరింత బలపడింది. దానిని సడలించినది ఏ గ్రంథమూ కాదు. ఢిల్లీ రామకృష్ణపురంలోని మా ప్రభుత్వ క్వార్టర్ల పార్కులో, ప్రతి ఆదివారం ఉదయం మేము పరచి మధ్యాహ్నానికి ఎత్తివేసే 48 మీటర్ల చిన్న రైలుబాట.

చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం మాకు దగ్గర. మా అమ్మాయి చిన్నతనంలో అక్కడి పిల్లల రైలు ఎక్కడానికి తరచుగా వెళ్లేవాళ్లము. ఒకసారి మా పై అంతస్తులో కుమారుని వద్ద ఉంటున్న ఒక పెద్దాయనను వెంట తీసుకొని వెళ్లాము. ఆయన సికింద్రాబాదు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవారు. మా క్వార్టర్ల పిల్లలందరికీ తాతగారు. నేను ప్రతి ఇంజను ముందూ నిలబడి పలకపై వ్రాసినది చదువుతున్నాను. ఆయన పలకల వంక చూడనే లేదు. వంగి చక్రాల అంచులను తడిమి చూస్తున్నారు.

ఆ మ్యూజియంకు 1971 అక్టోబరు 7న శంకుస్థాపన చేసినవారు అప్పటి రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన యౌవనంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించారు. 1977 ఫిబ్రవరి 1న మ్యూజియం ప్రారంభమైంది. అక్కడి ప్రదర్శనలలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది పటియాలా సంస్థానపు ఒంటిపట్టా రైలు. 1907లో మొదలై 1927లో మూతపడిన ఆ రైలుకు రోడ్డు ప్రక్కన ఒకే పట్టా ఉండేది. బరువులో అధికభాగాన్ని ఆ పట్టా మోసేది. రోడ్డుపై దొర్లే పెద్ద చక్రం ఒకటి బండి ఒరిగిపోకుండా సమతూకం నిలిపేది. బెర్లినులోని ఓరెన్‌స్టైన్ కాపెల్ సంస్థ తయారుచేసిన దాని ఇంజన్లు తరువాత తుక్కుసామానులో కలిసిపోయాయి. 1962లో మైక్ సాటో అనే ఆంగ్లేయ రైలు అభిమాని వాటిని పటియాలాలో గుర్తించాడు. అమృతసర్ రైల్వే వర్క్‌షాపులో ఒక ఇంజను మళ్లీ నడిచే స్థితికి వచ్చింది.

ఈ కథ చెప్పినప్పుడు తాతగారు కొంతసేపు మౌనంగా ఉండి, "బండి దొరికింది, మంచిదే. నడిపినోళ్లు పోయినంక నడిపే తీరు ఎవరికి ఎరుక సార్?" అన్నారు. మా రైలుబాటకు మూలం ఆ ప్రశ్నే.

మేము ఏడు కుటుంబాలవారము కలిశాము. సంఘానికి పేరు పెట్టలేదు. టికెట్టు లేదు, జీతాలు అసలే లేవు. పార్కులో శాశ్వత కట్టడమేదీ ఉండరాదన్న నియమంపై అనుమతి లభించింది. అందుచేత బాట మొత్తాన్ని 2 మీటర్ల ముక్కలుగా, 24 ముక్కలు చేసికొన్నాము. పట్టాల నడుమ ఎడం ఏడుంబావు అంగుళాలు, అంటే 184 మిల్లీమీటర్లు. తోటలలో తిరిగే చిన్న రైళ్లకు అనేక దేశాలలో వాడుకలో ఉన్న కొలత ఇది. కారు బ్యాటరీలు రెండింటితో నడిచే ఇంజను, పిల్లలు ఇరువైపులా కాళ్లు వేసికొని కూర్చునే మూడు పెట్టెలు - ఇంతే మా ఆస్తి. వేగం మనిషి నడకకు మించదు. మధ్యాహ్నం కాగానే ముక్కలన్నీ విప్పి మెట్ల క్రింద పేర్చవలసిందే.

చక్రాలను చేయించేటప్పుడు తాతగారు పట్టుబట్టి వాటి తలాన్ని ఏటవాలుగా కోయించారు. కారణం అడిగిన పిల్లలకు ఆయన రెండు కాగితపు టీకప్పులతో పాఠం చెప్పారు. కప్పుల మూతులు రెంటినీ అతికించి, వాలుగా ఉంచిన రెండు కర్రలపై దొర్లిస్తే, ఎటు తొలగినా తిరిగి నడుమకే వచ్చింది. అడుగులు అతికించి దొర్లిస్తే ప్రక్కకు పోయి పడిపోయింది. రైలుచక్రం లోపలి వైపు కొద్దిగా లావు, బయటి వైపు సన్నము. బండి ఒక ప్రక్కకు జరిగితే ఆ వైపు చక్రం లావైన భాగంపై నడిచి ఎక్కువ దూరం పోతుంది. ఇరుసు దానంతట అదే నడుమకు మళ్లుతుంది. అంచున ఉండే గట్టు ఆఖరి కాపలా మాత్రమే. బి.ఎ. నుండి ఎం.ఎ. వరకు రైల్వేల ఆర్థికచరిత్ర చదివిన నాకు ఈ సంగతి ఆనాటి వరకు తెలియదు.

ప్రతి అతుకు వద్ద ఎడాన్ని కొలవడానికి ఆయన ఒక టేకుకర్ర కొలబద్ద చేసి ఇచ్చారు. కొలిచినవారు సంతకం చేయడానికి ఒక రిజిస్టరు పెట్టినది మాత్రం నేను. ఆ రిజిస్టరు గురించి నాకు లోలోపల కొంత గర్వం ఉండేది.

ఒక ఆదివారం పని ఆలస్యమైంది. పిల్లలు అప్పటికే వరుసలో నిలబడి తొందరపెడుతున్నారు. నా వంతుకు వచ్చిన చివరి నాలుగు అతుకులను నేను కొలవలేదు. కొలిచినట్లు సంతకం చేశాను. మూడవ విడత బండి అక్కడే పట్టా తప్పింది. ఒక ఆరేళ్ల పాప గడ్డిపై పడింది; మోకాలు గీసికొనిపోయింది. అంతకు మించి ప్రమాదం లేకపోవడం మా అదృష్టం. పాప తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మౌనమే నాకు భరించరానిదైంది. తాతగారు కొలబద్ద పెట్టి చూశారు. ఎడం విస్తరించి ఉంది. ఆయన రిజిస్టరు తెరిచి నా సంతకం చూసి, మూసి, మెల్లగా అన్నారు: "సంతకం మీద రైలు నడవది సార్, పట్టా మీద నడుస్తది."

ఆ రోజుకు రైలు ఆపివేశాము. సోమవారం కార్యాలయంలో నా ముందుకు వచ్చిన మొదటి ఫైలును మామూలుకంటె ఎక్కువసేపు చదివాను. అన్ని సంవత్సరాలలో చూడకుండా చేసిన సంతకాలు ఎన్ని, వాటి చివర పడిపోయినవారు ఎవరు అన్న ఆలోచన నన్ను చాలాకాలం వదలలేదు.

వేల్స్ దేశంలోని తాలిలిన్ రైలుమార్గం మూతపడబోయిన సమయంలో అభిమానులు సంఘంగా ఏర్పడి 1951 నుండి స్వచ్ఛందంగా నడుపుతున్నారు. అటువంటి ప్రయత్నాలకు ప్రపంచంలో అదే తొలి ఉదాహరణ. బుడాపెస్టులో 1948లో ప్రారంభమైన పిల్లల రైలులో టికెట్లివ్వడం, సంకేతాలు చూపడం వంటి పనులను పెద్దల పర్యవేక్షణలో పిల్లలే చేస్తారు. ఇంజను మాత్రం పెద్దలు నడుపుతారు. మా 48 మీటర్ల బాటను వాటి సరసన నిలిపే సాహసం చేయను. కాని వాటి ఆయుర్దాయానికి కారణమేమో ఇప్పుడు కొంత బోధపడింది. వస్తువును దాచడం ఒక పని. దానిని నడిపే చేతులను తరంనుండి తరానికి తయారుచేయడం మరొక పని. రెండవది ఆగితే మొదటిది తుక్కు కావడానికి ఎంతోకాలం పట్టదు.

ప్రభుత్వ క్వార్టర్లలో ఎవరూ శాశ్వతం కారు. బదిలీ వస్తే కొందరు, పదవీవిరమణతో కొందరు తరలిపోతారు. తాతగారి కుమారుడు రిటైరైన తరువాత ఆ కుటుంబం సికింద్రాబాదు వెళ్లిపోయింది. బయలుదేరిన రోజున ఆయన కొలబద్దను నాకు ఇవ్వలేదు. మా అమ్మాయి చేతిలో పెట్టారు. తొలి ఏడు కుటుంబాలలో ఇప్పుడు మిగిలినవి రెండే. కొత్తగా వచ్చిన ఒరియా, తమిళ, పంజాబీ కుటుంబాలు చేరాయి. నాకూ ఎప్పుడో ఒకనాడు ఉత్తర్వు రాక తప్పదు.

గడచిన ఆదివారం, చేరి నెల కూడా కాని ఒక కుర్రవాడు అతుకులు కొలుస్తున్నాడు. నేను కలం తీసి రిజిస్టరు తెరిచాను. వాడు చేయి అడ్డం పెట్టి, "ఉండండి అంకుల్, ఈ ఒక్కటి ఇంకోసారి చూడాలి" అన్నాడు. వరుసలోని పిల్లలు గోల చేస్తున్నారు. నేను కలం మూసి, వాడు చూసేవరకు నిలబడ్డాను.