వాకిలికో కడియం!

ముందున్న జాగా మూరెడే. అందులోనే పూలు పూయాలి, కాస్త నీడ ఉండాలి, బండి పెట్టుకోవాలి, పొద్దున్నే ముగ్గూ వెయ్యాలి. కుదురుతుందా? గోదావరి గట్టున ఉన్న కడియం తోటల్ని ఓసారి చుట్టి వస్తే కుదురుతుందనే అనిపిస్తుంది!

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వేమగిరి దాటగానే చూపు తిప్పుకోలేం. రోడ్డుకి రెండువైపులా మొక్కలే మొక్కలు! ఏనుగులా, నెమలిలా కత్తిరించిన పొదలు, ఒకే కొమ్మకి మూడు రంగుల కాగితం పూలు, కుండీల్లో కుదురుగా కూర్చున్న మరుగుజ్జు వృక్షాలు... కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక ఊళ్ళ పేర్లు మారతాయేగానీ పచ్చదనం మాత్రం తెగదు. పొద్దున్నే వెళ్తే కడియపులంక పూల మార్కెట్‌లో బంతులూ చామంతులూ రాశులు పోసి కనిపిస్తాయి.

ఇదంతా ఊరికే రాలేదు. లంక భూముల్లోని ఒండ్రుమట్టి గోదారమ్మ ఇచ్చింది. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్ళు వచ్చాయి. పక్కనే రైలు మార్గం, రహదారి. పూలతోటలు వేసుకునే రైతులు క్రమంగా అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగినవాళ్ళయ్యారు. నేడు ఇక్కడి నుంచి మొక్కల లారీలు దేశంలోని ఎన్నో రాష్ట్రాలకు వెళ్తున్నాయి.

నచ్చిందల్లా కొంటే...

కడియం వెళ్ళినవాళ్ళెవరూ ఖాళీ చేతులతో తిరిగిరారు. కారు డిక్కీ నిండిపోతుంది, ఒళ్ళో కూడా రెండు మొక్కలు! తీరా నెల తిరిగేసరికి సగం ఎండిపోతాయి. నేరం మొక్కది కాదు. అక్కడ దానికి నెత్తిన నీడవల ఉంది, వేళకి నీళ్ళున్నాయి, చుట్టూ చల్లగాలి ఉంది. మన ఇంటి ముందో? పడమటి ఎండ, కాలిన సిమెంటు గచ్చు, నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని పంపు. అందుకే మొక్కని చూసి వాకిలిని మార్చాలనుకోకూడదు. వాకిలిని చూసి మొక్కని ఎంచుకోవాలి.

ముందు కాగితం మీద

ప్రయాణానికి ముందు ఓ ఆదివారం ఇంట్లోనే గడపండి. తెల్లకాగితం మీద ఇంటి ముందు జాగా గీయండి. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి ఎండ ఎక్కడ పడుతోందో గుర్తు పెట్టండి. నీళ్ళ సంపు, సెప్టిక్ ట్యాంకు, పైపులు, పైన కరెంటు తీగలు... అన్నీ అందులో ఉండాలి. గేటు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా!

ఇక మనుషుల సంగతి. గేటు నుంచి గుమ్మం దాకా బాట నాలుగు అడుగులుంటే ఇద్దరు పక్కపక్కనే నడవచ్చు, గ్యాస్ సిలిండరూ తేలిగ్గా లోపలికొస్తుంది. ముగ్గుకి నాలుగడుగుల చదరం వదిలేయండి. కారుందని వాకిలంతా గచ్చు చేయించక్కర్లేదు. చక్రాలు వెళ్ళేచోట రెండు బాటలు చాలు, మధ్యలో గడ్డి పెరగనివ్వొచ్చు. బాటకి నాపరాళ్ళు ఇసుక మీద పరిచి, మధ్య సందులు వదిలితే వానచుక్క నేలలోకి దిగుతుంది.

ఏది ఎక్కడ?

పడమటి ఎండ తగిలే చోట మందారం, నూరు వరహాలు, కాగితం పూలు హాయిగా పెరుగుతాయి. మల్లెకీ ఎండే ప్రాణం. డిసెంబరు చివర్లో నీళ్ళు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తే వేసవిలో విరగబూస్తుంది. నాలుగు గంటల ఎండే పడేచోట నందివర్ధనం, కనకాంబరం పెట్టుకోవచ్చు. గేటు మీదకి రాధామనోహరం పాకిస్తే సాయంత్రం తెల్లగా విచ్చిన పూలు క్రమంగా ఎరుపెక్కుతాయి. వచ్చినవాళ్ళని పలకరించేది ఆ వాసనే!

పారిజాతం పెట్టే ఉద్దేశం ఉంటే కింద నాలుగడుగుల నేల శుభ్రంగా ఉంచండి. రాలిన పూలు ఏరుకోవాలిగా! పొట్టి మొక్కలు బాట పక్కన, పొడుగువి ప్రహరీ వైపు, కిటికీ ముందు నడుమెత్తు మించనివి. వంటింటికి దగ్గరి మూల కరివేపాకు, వామాకు, నిమ్మగడ్డి. ఇవీ అందానికి తక్కువేం కాదు.

పచ్చిక తివాచీ చూస్తే మనసు లాగుతుంది. కానీ దానికి మంచి ఎండ, విడవకుండా నీళ్ళు, తరచూ కత్తిరింపు కావాలి. నీళ్ళకి కటకటలాడే ఊళ్ళో అది ఆడంబరమే.

వీటితో జాగ్రత్త

రావి, మర్రి జాతివి వేర్లతో గోడల్ని, పైపుల్ని పట్టేస్తాయి. చిన్న వాకిట్లో వద్దు. గన్నేరు అందమైనదే, కానీ విషం. పసిపిల్లలున్న ఇంటికి దూరంగా ఉండాలి. కోనోకార్పస్ ఇట్టే ఎదుగుతుందని అందరూ నాటారు. ఫిర్యాదులు రావడంతో 2022లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం నర్సరీల్లో దాని పెంపకం ఆపించింది. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విరివిగా నాటిన ఏడాకులపాల పూతకొస్తే, ఆ ఘాటు వాసన పడనివారు కిటికీలు మూసుకోవాల్సి వస్తోంది. త్వరగా పెరగడం ఒక్కటే మంచి గుణం కాదన్నమాట!

కొన్నాక...

మీ కాగితం పట్టుకుని వెళ్ళండి. తోటలో పనిచేసే పెద్దవాళ్ళని అడగండి. ఎండెంత, జాగా ఎంత, నీళ్ళెన్ని అన్నది చెబితే మొక్క పేరు వాళ్ళ నోటే వస్తుంది. పూలతో నిండిన పెద్ద మొక్క కన్నా ఆకు ఆరోగ్యంగా, కాండం దిట్టంగా ఉన్న చిన్న మొక్కే మేలు. చలికాలం చూడ్డానికి బాగుంటుందిగానీ, నాటడానికి తొలకరి తర్వాతి రోజులే అనువు.

తెచ్చిన రోజే గొయ్యి తవ్వకండి. వారం రోజులు పలుచటి నీడలో ఉంచి మీ ఇంటి ఎండ అలవాటు చేయండి. ఒకటిన్నర అడుగు గొయ్యిలో మట్టి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. ప్లాస్టిక్ సంచి కోసి తీసేయాలి, లోపలి మట్టిగడ్డ మాత్రం చిట్లకూడదు. మొదట్లో ఆ గడ్డ మధ్యదాకా తడిసేలా నెమ్మదిగా నీళ్ళు పోయాలి. పైన ఎండుటాకులు పరిస్తే తడి ఆరదు.

అసలు పోతున్నది పూలమొక్క కాదు, నేల! ఒకప్పుడు ఏ ఇంటి వాకిలైనా మట్టిదే. తులసికోట చుట్టూ చల్లిన నీళ్ళు అక్కడే ఇంకేవి. ఇప్పుడు ప్రహరీ నుంచి ప్రహరీ దాకా గచ్చు. కురిసిన వాన రోడ్డెక్కి మురుగు కాలువలో కలుస్తోంది, వేసవి రాగానే బోరు ఎండుతోంది. కడియం రైతు ఎన్ని రకాలైనా అమ్మగలడు, నేలని మాత్రం సంచిలో పెట్టి ఇవ్వలేడు. అది మనమే మిగుల్చుకోవాలి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు మేస్త్రికి ఈ ఒక్క మాట చెప్పండి: గేటు పక్కన నాలుగడుగుల మట్టి అలాగే ఉండనిమ్మని. ఏ మొక్క పెట్టాలన్నది తర్వాతైనా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.