చిప్పును పండబెట్టుడు

ఎర్రవల్లి చౌరస్తా దాటి గద్వాల దారి పట్టేసరికి సీడు పత్తి చేలలో క్రాసింగ్ జోరు మీదుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఈ నడిగడ్డలో ఎవరిని కదిలించినా ఆ పత్తి ముచ్చటే. నా సంచిలో ఎంఎస్‌పి430 చిప్పున్న లాంచ్‌ప్యాడ్ బోర్డు, మట్టి తేమ చూసే సెన్సర్, బిళ్ల సెల్లు, మల్టీమీటరు. అన్నీ చూసి ఓ రైతు ఒక్కటే అడిగాడు: "గీ సెల్లు ఎన్ని దినాలొస్తది సారూ?"

కాలేజీలో 8051 చిప్పు నేర్చుకున్నప్పుడు ఈ ప్రశ్నే రాలేదు. కిట్టు ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండేది. చేనుగట్టు మీద లెక్క వేశాను: సీఆర్2032 సెల్లులో సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు, సెన్సర్ లాగేది 5 మిల్లీ ఆంపియర్లు. ఆపకుండా నడిపితే రెండు రోజులు కూడా నిండవు.

బీచుపల్లి వంతెన, పెబ్బేరు దాటి వనపర్తి. సంస్థానం నాటి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టిన ఊరు. అక్కడ చదివిన మిత్రుడికి మోటారు వైండింగ్ షాపుంది. రాగితీగ చుట్టల మధ్య బల్ల ఖాళీ చేసి, "పని చేయించుడు అందరికొస్తదన్నా, పండబెట్టుడే కష్టం" అన్నాడు.

నిజమే. సెన్సర్‌కు కరెంటు చిప్పు పిన్ను నుంచే ఇచ్చాం. గంటకోసారి లేచి, సెన్సర్‌ను రెప్పపాటు నడిపి, తేమ చదివి, మళ్లీ ఎల్‌పిఎం3 అనే నిద్రలోకి. అప్పుడు మెలకువగా ఉండేది వాచీల్లో వాడే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ మాత్రమే. ఆ అంకెను 15 సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది; సెకను అలా తేలుతుంది. ఎంత అందమైన ఏర్పాటు!

అయినా మీటరు దిగదు. బోర్డు మీది ప్రోగ్రామర్ భాగాన్ని విడదీసేలా జంపర్లు తీశాం, కొంత తగ్గింది. దేనికీ కలపని పిన్నులు ఇన్‌పుట్‌గా ఊగిసలాడుతూ కరెంటు తింటాయట. వాటినీ అవుట్‌పుట్‌గా మార్చాం. మీటరు ఒక మైక్రో ఆంపియర్ లోపలికి దిగింది. కాగితం మీద పాతికేళ్లు. పాలమూరు ఎండలకు సెల్లే అంతకాలం బతకదు, అది వేరే సంగతి.

బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ చేరి, పల్లి చేలో సెన్సర్ గుచ్చాను. కబురు ఫోనుకు పంపుదామా అంటే జీఎస్‌ఎం మాడ్యూల్ ఒక్కో గుక్కకు రెండు ఆంపియర్ల దాకా అడుగుతుంది. బిళ్ల సెల్లు వల్ల కాదు. చేను యజమానికి ఫోనే వద్దట. "నేను దినాం వస్తగా. బటన్ పెట్టు, ఒత్తితే లైటు కొట్టాలె, అంతే." బటన్‌కు, చిప్పును నిద్ర లేపే ఇంటరప్టు రాస్తూ గట్టు మీదే కూర్చున్నాను.